మా మామ్మని సాగనంపిన మీ అందరికీ

నిన్నటితో మా మామ్మ పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు బయల్దేరారు. టెంటు వాళ్లు కుర్చీలు తీసుకెళ్లాక వాకిలంతా బోసిపోయింది. ఈ పదకొండు రోజులూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మామ్మకి 93 ఏళ్లు. పద్నాలుగో ఏట నాగాయలంక దగ్గర మా ఊరికి కోడలిగా వచ్చింది. హైదరాబాద్ తీసుకొస్తే పదో రోజుకే "నా గేదె బెంగ పెట్టుకుంటుందిరా" అంటూ సంచి సర్దేసేది.

దివిసీమలో మా పెద్దవాళ్లు ఏది చెప్పినా ఉప్పెనకి ముందో తర్వాతో చెప్తారు. 1977 నవంబర్ 19, శనివారం. సముద్రం మీదకొచ్చిన ఆ రోజు మామ్మ పిల్లల్ని తీసుకుని పక్క బజారులో డాబా ఎక్కేలోగా నీళ్లు నడుము దాటాయి. మా చిన్నత్త చెయ్యి జారిపోయింది. ఆవిడకప్పుడు ఎనిమిదేళ్లు. మళ్లీ దొరకలేదు. మూడో రోజు నుంచి మామ్మ ఉప్పునీళ్లలో నానిన వడ్లు కడిగి, ఆరబోసి, దంచి, బజారులో మిగిలిన వాళ్లందరికీ గంజి కాచిందట. "ఏడవడానికి తీరికేదిరా" అనేది. అప్పట్లో ఆదుకున్న వాళ్లని మాత్రం చివరిదాకా తలుచుకుంది. మా అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరు చెప్తే చేతులు జోడించేది. బియ్యం లారీ తోలుకొచ్చిన డ్రైవరు ఏ ఊరివాడో కూడా ఆవిడకి గుర్తే.

అందుకే నేనూ ఎవరినీ మర్చిపోకూడదు. పేర్లు వద్దని మీరే అన్నారు కాబట్టి రాయట్లేదు.

మంచాన పడ్డ ఇరవై మూడు రోజులూ పొద్దున్నే వచ్చి వీపు పుండ్లు శుభ్రం చేసి కట్టు కట్టిన ఆశా వర్కర్ అక్కా, ఆ పని కన్నకూతుళ్లం కూడా అంత ఓపిగ్గా చెయ్యలేకపోయామని మా పెద్దత్త ఇప్పటికీ అంటోంది.

మామ్మ పోయింది రాత్రి ఒంటిగంటన్నరకి. కళ్లు ఇవ్వాలన్నది ఆవిడ కోరికే. మాకు ఏం తోచని టైంలో హైస్కూలు మాస్టారు లేచొచ్చి ఐ బ్యాంక్‌కి ఫోన్ చేశారు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీయాలని, అప్పటిదాకా అవి ఆరిపోకూడదని ఫ్యాన్ ఆపించారు. తల కింద రెండు దిండ్లు పెట్టించి, మూసిన రెప్పల మీద తడి దూది వేయించారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు, పైగా ఈ వయసులో, పనికొస్తాయా అని మా అందరికీ టెన్షన్. వాళ్లు తీసుకునేది పైనుండే కార్నియా అనీ, ఆపరేషన్‌లో మార్చేది లోపలి లెన్స్ అనీ, వయసు అడ్డు కాదనీ ఆయన నిదానంగా చెప్పారు. తెల్లారకముందే టీమ్ వచ్చింది. అరగంటలో పని అయిపోయింది. మామ్మ ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. మాస్టారూ, ఆ రాత్రి మీరు లేకపోతే ఆవిడ మాట మేం నిలబెట్టగలిగేవాళ్లం కాదు.

మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున కాఫీ ఫ్లాస్కు ఒక ఇంటి నుంచి, మధ్యాహ్నం పప్పుచారూ అన్నం ఇంకో ఇంటి నుంచి వచ్చేవి. ముప్ఫై మందిమి. ఒక్క పూట తక్కువ కాలేదు. వంతులు ఎవరు వేశారో అడిగితే నవ్వేసి ఊరుకున్నారు. వదినలూ, పిన్నులూ, మీ గిన్నెలు కొన్ని ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. వాటిని ఉత్తవి తిరిగివ్వడానికి మా అమ్మకి మనసొప్పట్లేదు.

కర్మకి పెద్ద గిన్నెలు దించుతుంటే అటక మీద మామ్మ స్టీలు డబ్బా దొరికింది. ఉప్పెన మర్నాడు పొయ్యి రాజేద్దామంటే ఊళ్లో ఒక్క పొడి అగ్గిపుల్ల లేదట. అప్పట్నుంచి ఆ డబ్బాలో ఒక అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది. పాలిథిన్ కవర్‌లో మూడు చుట్లు చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి ఉంది. విప్పి చూస్తే కొత్తది. అటక ఎక్కలేని మనిషి ఎలా మార్చిందా అని అనుకుంటుంటే పక్కింటి కుర్రాడు అన్నాడు: "నేనే అన్నా. ఏటా దసరా వెళ్లగానే మామ్మ గుర్తు చేసేది. కొత్తది పెట్టేవాణ్ని."

తమ్ముడూ, ఆ డబ్బా మళ్లీ అక్కడే పెట్టాం. వచ్చే దసరాకి నువ్వే మార్చాలి.