మా బండ్లలో ఆ లైట్లు ఇక వెలగవు

మా మోటార్ హోమ్‌లను, అంటే వంటిల్లూ స్నానాల గదీ ఉన్న బండ్లను, ఏటా అద్దెకు తీసుకునే పాత ఖాతాదారులకు ముందే చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఇకపై మా బండి ఏది తీసుకున్నా, గోడకున్న ప్యానెల్‌లో మురుగు ట్యాంకులు ఎంత నిండాయో చూపే లైట్లు వెలగవు. చెడిపోయి కాదు, వాటి తీగలు నేనే దగ్గరుండి పీకించాను. మంచినీళ్ల లైట్లు, బ్యాటరీ లైటు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తాయి.

ఈ మధ్య ఒక కుటుంబం బయలుదేరే ముందు ప్యానెల్ మీట నొక్కి చూసింది. బ్లాక్ ట్యాంకు, అంటే కమోడు కింద ఉండేది, మూడింట రెండు వంతులు నిండినట్టు చూపించింది. ‘‘ముందు వాళ్ల మురుగు మాకు అంటగడుతున్నారు’’ అని ఆ ఇంటి పెద్దాయన నలుగురి ముందూ అనేశారు. ఆ ట్యాంకును మా కుర్రాళ్లు ముందురోజు సాయంత్రమే ఖాళీ చేసి, గొట్టంలో తేట నీళ్లు వచ్చేదాకా కడిగారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ మాటే చెప్పాను, ఆయన నమ్మలేదు. వెలుగుతున్న లైటు కళ్లెదుటే ఉండగా మనిషి మాట ఎవరు వింటారు? బండి శుభ్రత విషయంలో మాట పడటం మాకు అలవాటు లేదు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

ఆ లైటు ఎందుకు అబద్ధం చెబుతుందో మీకూ తెలియాలి. ట్యాంకు పక్క గోడకు కింది నుంచి పైకి వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు చేసి ఉక్కు బోల్టులు బిగిస్తారు. నీళ్లు ఏ బోల్టును తాకితే అక్కడిదాకా సన్నని కరెంటు పారి ఆ లైటు వెలుగుతుంది. మంచినీళ్ల ట్యాంకులో ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి బాగానే నడుస్తుంది. మురుగులో అలా కాదు. తడి కాగితం ముక్క ఒకటి బోల్టుకు చుట్టుకున్నా, జిడ్డూ సబ్బు మడ్డీ గోడ వెంట పొరలా పేరుకున్నా, ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా ఆ తడిలోంచే కరెంటు పారుతూ ఉంటుంది. మా బండి ఒకదానిలో మూడింట ఒక వంతు లైటు ఆరిపోయి, దాని పైనున్న రెండు వంతుల లైటు వెలుగుతూ కనిపించింది. కింద నీళ్లు లేకుండా పైన నీళ్లు నిలుస్తాయా? మీ సొంత బండిలో ఎప్పుడైనా ఇలా కనిపిస్తే సందేహించాల్సిన పనే లేదు, ఆ బోల్టుకు ఏదో అంటుకుంది.

కమోడు కింది ట్యాంకుదే తప్పంతా అనుకోకండి. సింకు నీళ్లూ స్నానం నీళ్లూ పోయే గ్రే ట్యాంకు ఒక్కోసారి అంతకన్నా మొండిది. గిన్నెల జిడ్డు, సబ్బు, వెంట్రుకలు అన్నీ చేరేది అక్కడికే.

నిండకుండానే నిండిందని చెబితే కోపం వస్తుంది, అంతవరకే. నిండినా ఖాళీ అని చెబితే ఇల్లు మునుగుతుంది. బోల్టు దగ్గర తీగ తుప్పు పట్టి తెగితే జరిగేది అదే. బండిలో అన్నిటికంటే కిందున్న జాలీ స్నానాల గదిది. గ్రే ట్యాంకు నిండాక సింకులో గిన్నెలు కడిగితే, ఆ ఎంగిలి నీళ్లు స్నానం చేసేచోట పైకి తన్నుకొస్తాయి.

కడిగితే పోదా అంటారేమో. ఐసు ముక్కలు వేసి బండి నడపమని చాలామంది సలహా ఇచ్చారు. నాలుగు మలుపులు తిరిగేలోపు ఐసు కరిగి నీళ్లవుతుంది. గోడకు ఎత్తున పట్టిన పొరను అది గీకేదేమీ లేదు. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందులు నేను వాడను. ఆ మురుగు చివరికి చేరేది ఎవరిదో ఒకరి సెప్టిక్ ట్యాంకుకు, అక్కడ పని చేయాల్సిన బ్యాక్టీరియాను అది చంపేస్తుంది. ట్యాంకును పైదాకా నీళ్లతో నింపి, మడ్డిని కరిగించే ఎంజైము మందు కలిపి, రాత్రంతా నానబెట్టి వదిలితే నిజంగానే ఫలితం ఉంటుంది. కొన్నాళ్లు లైట్లు నిజం చెబుతాయి. తర్వాత ఎవరో కాగితం ఎక్కువ వేస్తారు, నీళ్లు తక్కువ పోస్తారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

అందుకే ట్యాంకు బయటి గోడకు అంటించే సెన్సర్ పట్టీలు తెప్పించాలనుకున్నాను. వాటికి మురుగు తాకదు. ప్లాస్టిక్ గోడ అవతల ద్రవం ఎంత ఎత్తున ఉందో కెపాసిటెన్సు, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణంలోని తేడాను బట్టి పసిగట్టి శాతాల్లో చూపిస్తాయి. వాటికీ ఇబ్బందులున్నాయి. పక్కనే లోహపు చట్రం ఉంటే తికమకపడతాయి, లోపల మందంగా మడ్డి పేరుకుంటే మోసపోతాయి. అయినా బోల్టుల కన్నా ఎన్నో రెట్లు నయం.

ఇక సరఫరాదారు సంగతి. పేరు చెప్పను, చెప్పాలని మాత్రం చాలా ఉంది. ‘‘సరుకు సిద్ధంగా ఉంది, డబ్బు పంపండి’’ అన్నారు. పంపాను. తర్వాత ‘‘దారిలో ఉంది’’ అన్నారు. ఆ దారి ఎంత పొడవో గానీ, బండ్లన్నీ బుక్ అయిపోయే రోజులు వచ్చేదాకా సాగింది. పార్సిల్ విప్పితే పట్టీలు ఒక తరానివి, వాటిని చదవాల్సిన డిస్‌ప్లేలు మరో తరానివి. ఒకదాని మాట మరొకదానికి అందదు. ఫోను చేస్తే ‘‘ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి’’ అన్నారు. చేశాను. తర్వాత ‘‘మీ తీగలు సరిగా కలపలేదు’’ అన్నారు. ఈ బండ్ల తీగలు నా చేతి గీతలంత బాగా నాకు తెలుసు. రెండింటి మీదా ఉన్న మోడల్ నంబర్లు ఫొటో తీసి పంపితే ‘‘పాత స్టాకు కలిసిపోయి ఉంటుంది’’ అని చల్లగా ఒప్పుకున్నారు. పోనీ వెనక్కి తీసుకోండి అంటే ప్యాకింగ్ విప్పారు కాబట్టి కుదరదట! విప్పకుండా లోపల ఏముందో తెలిసే విద్య నాకు రాదు. చివరికి ఆయన చూపిన పరిష్కారం వింటే మీరూ నవ్వుతారు: పట్టీలు ఉంచుకోండి, కొత్త బోల్టు సెన్సర్లు తగ్గింపు ధరకు ఇస్తాను అన్నారు. ఏ బోల్టులు వదిలించుకోవడానికి ఈ పాట్లన్నీ పడ్డానో అవే బోల్టులు.

అప్పుడు మిగిలింది ఒకే ప్రశ్న. అబద్ధం చెప్పే లైటును ఉంచాలా, తీసేయాలా? లెక్కలు చూసే మా ఆవిడ ఉంచమంది. లైటు లేని బండిని జనం చెడిపోయిన బండి అనుకుంటారు, అప్పుడప్పుడూ తప్పు చెప్పినా ఉన్నదే మేలు అని ఆమె వాదన. అందులో న్యాయం లేదని అనను. చాలా రాత్రులు ఇదే చర్చ. ప్యానెల్ మీద ‘నమ్మవద్దు’ అని చీటీ అంటిద్దామని కూడా అంది. నమ్మవద్దని నేనే రాసి పెట్టిన వస్తువును నేనే అద్దెకు ఎలా ఇవ్వను? మా ఇంట్లో ఈ విషయం ఇంకా పూర్తిగా చల్లారలేదు, తీగలు మాత్రం తెగిపోయాయి.

లైటు లేకుండా ఎలా అంటే, నిజానికి ఇదే తేలిక. ఇప్పుడు ప్రతి బండికీ మురుగు బయటికి వచ్చేచోట పారదర్శకమైన ఎల్బో, అంటే వంపు గొట్టం, బిగించాం. బండి అప్పగించేటప్పుడు వాల్వు మీ చేతే తెరిపిస్తాం, లోపల ఏముందో మీరే చూస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. దారిలో బ్లాక్ ట్యాంకు చూడాలంటే కమోడు మీట తొక్కి టార్చిలైటు వేయండి, మట్టం తెలిసిపోతుంది. ఫ్లష్ చేసినప్పుడు గుడగుడమని గాలి పైకి వస్తోందంటే ఇక ఆలస్యం చేయకండి. గ్రే ట్యాంకులోకి ఇలా చూసే దారి లేదు, దానికి స్నానాలే లెక్క. బండి వెంట ఇచ్చే కాగితంలో ఆ లెక్క రాసి పెట్టాం.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. క్యాంపులో మురుగు గొట్టం తగిలించి ఉన్నా బ్లాక్ వాల్వు మూసే ఉంచండి. తెరిచి వదిలేస్తే నీళ్లన్నీ జారిపోయి గట్టి మురుగు కమోడు కింద గుట్టగా పేరుకుంటుంది. అది గడ్డకట్టాక దాన్ని వదిలించే పని ఎలాంటిదో మా కుర్రాళ్లను అడగండి. మూడింట రెండు వంతులు నిండాకే వదలండి, ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లతో గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది. ట్యాంకును కడిగే పైపు తగిలించినప్పుడు వాల్వు మూసి పక్కకు వెళ్లకండి. ట్యాంకు నిండాక ఆ నీళ్లు పైకప్పు గొట్టంలోంచో కమోడులోంచో బయటపడతాయి.

ముందే బుక్ చేసుకున్నవారిలో ఎవరికైనా లైట్లు లేని బండి వద్దనిపిస్తే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను, కారణం అడగను. పట్టీలు మరొకరి దగ్గర చూస్తున్నాను. ఈసారి ఒక్క సెట్టే తెప్పించి, ఒక్క బండికే బిగించి, నాకు నమ్మకం కుదిరాకే మిగతావాటికి పెడతాను. ఎప్పటికి అని మాత్రం అడగకండి, తేదీలు చెప్పే పని ఆ సరఫరాదారుకే వదిలేశాను.