బ్లౌజ్ కోర్సులో రెండో పాఠానికి తాళం ఎందుకంటే

"మేడమ్, వీడియో మొత్తం చూశాను, అయినా రెండో పాఠం తెరుచుకోవడం లేదు" అని ఈ మధ్య వాట్సాప్‌లో చాలామంది అడుగుతున్నారు. యాప్ పాడవలేదు. ఆ తాళం నేనే పెట్టించాను.

ఇంతకుముందు వీడియోలు యూట్యూబ్ లింకులుగా ఉండేవి. మీరు ఆ పేజీ తెరిచారన్నది మాత్రమే మన కోర్సు నడిచే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది. తెరిచి వంటింట్లోకి వెళ్ళిపోయినా టిక్కు పడేది. దాంతో చాలామంది నేరుగా ప్రిన్సెస్ కట్ అనే డిజైన్ పాఠానికి వెళ్ళిపోయేవారు. తప్పు పట్టడం లేదు, డిజైన్లు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. కానీ తర్వాత నాకు వచ్చే ఫొటోల్లో ఎప్పుడూ అదే గొడవ: చంక దగ్గర పట్టేస్తోంది, భుజం జారిపోతోంది. దానికి జవాబు ప్రిన్సెస్ కట్‌లో లేదు, మొదటి పాఠంలో ఆది జాకెట్టు మీద కొలతలు తీసుకునే చోట ఉంది.

ఇప్పుడు అవే వీడియోలను హెచ్5పి అనే పద్ధతిలోకి మార్చాం. మధ్యమధ్యలో వీడియో ఆగి ప్రశ్న అడుగుతుంది. ఛాతీ 36 అంగుళాలైతే మడత నుంచి ఎంత దూరంలో గీత గీస్తారు? నాలుగో వంతు 9, కుట్టుకి వదిలే ఒకటిన్నర కలిపితే పదిన్నర. 9 దగ్గరే కత్తెర పెట్టేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, గుడ్డ పాడవకముందే. వీడియోను ముందుకు జరపడం కుదరదు, వెనక్కి మాత్రం ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చు.

ఎక్కువమంది ఆగిపోతున్నది చివర్లో. మార్కులు కనిపించాక జవాబులు పంపే బటన్ ఒకటి వస్తుంది. అది నొక్కితేనే మార్కులు మూడుల్‌కి చేరతాయి. పదికి ఏడు వస్తే తర్వాతి పాఠం దానంతటదే తెరుచుకుంటుంది. నొక్కకుండా బయటికొస్తే చూసినా చూడనట్టే లెక్క. ఆ మాట వీడియో చివర నేనే చెప్పేలా మళ్ళీ రికార్డు చేస్తున్నాను.

జవాబులు తెలిసినంత మాత్రాన మిషన్ మీద చెయ్యి తిరగదు కదా! అందుకే హుక్స్ పట్టీ, పైపింగ్ పాఠాలకు ప్రశ్నలు లేవు. కుట్టిన ముక్క ఫొటో అప్‌లోడ్ చేస్తేనే ముందుకు.

పాత బ్యాచ్‌లవాళ్ళకు ఈ తాళాలేవీ వర్తించవు, వాళ్ళను వేరే గ్రూపులో పెట్టాం. అన్నీ తెరిచే ఉంటాయని చెప్పి ఫీజు తీసుకున్నాక మధ్యలో మూసేయడం న్యాయం కాదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పద్ధతి పడకపోతే, రెండో పాఠం తెరుచుకునేలోపు చెప్పండి, ఫీజు మొత్తం వెనక్కి ఇస్తాను. కొందరు వెళ్ళిపోతారని తెలుసు. వెళ్ళినా సరే.

ఇప్పటికే షాపు నడుపుతున్నవాళ్ళను టేపు పట్టుకోవడం దగ్గర్నుంచి కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. మొదటి పాఠం పక్కనే చిన్న పరీక్ష ఉంది. వీడియో, పరీక్ష, రెండింట్లో ఏదో ఒకటి పాసైతే చాలు. అదీ కుదరకపోతే మీరు కుట్టిన బ్లౌజ్ ఫొటోలు ముందూ వెనకా, చంక కనిపించేలా పంపండి, చూసి నేనే తాళం తీస్తాను. బొమ్మకు తొడిగినవి వద్దు, మనిషి వేసుకున్నవే పంపండి.