భోగి నుంచి వెనక్కి లెక్క

ఒరేయ్ శీనూ,

ఈసారి పండగ పనంతా నీదేనని ఇంట్లో మాటిచ్చేశావట! సంతోషం. కానీ "ఇంకా రెండు నెలలుందిగా" అని రాశావు చూడు, తంటా అక్కడే. సంక్రాంతి పనుల్ని ఇవాళ్టి నుంచి ముందుకి లెక్కేస్తే అన్నీ ఆలస్యమే అవుతాయి. భోగి నుంచి వెనక్కి లెక్కెయ్యాలి. భోగి 14న, పెద్ద పండగ 15న, కనుమ 16న అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రైలు. 2024 నవంబరు నుంచి రిజర్వేషను గడువు 120 రోజులు కాదు, 60 రోజులే. ప్రయాణం రోజుని లెక్కలోకి తీసుకోరు. అంటే జనవరి 12 టికెట్టు నవంబరు 13 ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. పేర్లు, వయసులు ముందే ఖాతాలో ఎక్కించి పెట్టుకో, ఆధార్ ధ్రువీకరణ కూడా ముందే కానిచ్చుకో. 8 గంటలకి కూర్చుని పేర్లు కొడుతుంటే వెయిటింగ్ లిస్టులో పడతావు. ఆన్‌లైన్‌లో తీసిన వెయిటింగ్ టికెట్టు చార్టు వేశాక కూడా ఖాయం కాకపోతే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది, ఆ టికెట్టుతో బండెక్కడానికి లేదు. ఇంకోటి, అర్ధరాత్రి దాటి 12:20కి కదిలే బండికి తేదీ మారిపోతుంది. చాలామంది "పన్నెండో తారీకు రాత్రే కదా" అని ఒకరోజు ముందు బండికి తీసేసి స్టేషన్లో నెత్తి పట్టుకుంటారు.

తిరుగు టికెట్టు మాత్రం కనుమ నాటికి తియ్యకు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, పెద్దవాళ్లు నిన్ను గుమ్మం దాటనివ్వరు. 17 రాత్రికి తియ్యి, దానికి నవంబరు 18న కూర్చోవాలి. కారులో వస్తే ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజే వేసుకో. హైదరాబాదు-విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారు మామూలుగా ఉండదు. జనం తగ్గుతారని మరీ చీకటితో బయల్దేరితే పొగమంచుంటుంది, అది టోల్ బారు కంటే ప్రమాదం.

బట్టలు డిసెంబరు రెండో వారానికల్లా దర్జీ చేతిలో పడాలి. నూలు గుడ్డయితే ఓసారి తడిపి ఆరేసి ఇవ్వు, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది.

ధనుర్మాసం పట్టగానే, అంటే డిసెంబరు 16 ప్రాంతంలో, భోగి పిడకలు మొదలుపెట్టించు. పిల్లలకి సరదా, నీకు పని తప్పుతుంది. అరచేయంత వెడల్పున పల్చగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. లావుగా తడితే పైకి ఎండినట్టుంటుంది, లోపల పచ్చి. మంటలో వేస్తే పొగే. రాత్రి మంచుకి ఎండిందంతా మళ్లీ తడుస్తుంది కాబట్టి సాయంత్రం పూట లోపలికి తేవాలి. రెండు వారాలు పడుతుంది. పండగ వారంలో మొదలెడితే పిడక ఎండదు.

ఇక అరిసెలు. జనవరి 8, 9 తేదీల్లో వండితే పండక్కి రుచి కుదురుతుంది. తడిపిండి పట్టే పిండిమర ఎక్కడుందో ముందే కనుక్కో, అందరూ పట్టరు. గ్యాసు బండ రెండోది నిండుగా ఉండాలి. కిలో బియ్యానికి 600 నుంచి 700 గ్రాముల బెల్లం, 50 గ్రాముల నువ్వులు, కాస్త నెయ్యి, యాలకులు. బియ్యం రోజంతా నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చు, లేకపోతే వాసనొస్తుంది. వార్చి, గుడ్డ మీద ఓ పావుగంట ఆరనిచ్చి మరకి పంపు. వచ్చిన పిండిని జల్లించి గిన్నెలో అదిమి మూతపెట్టు. చేత్తో పిడికిలి పడితే ముద్దవ్వాలి. పొడిగా రాలిపోతే ఆ పిండి అరిసెకి పనికిరాదు.

బెల్లంలో గ్లాసుకి తక్కువే నీళ్లు పోసి, కరిగాక వడకట్టు, ఇసుకుంటుంది. పళ్లెంలో నీళ్లు పక్కనే పెట్టుకో. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండ అవ్వాలి. జారిపోతే ఇంకా లేత. పళ్లేనికి కొడితే ఠంగుమంటే ముదిరిపోయినట్టే. ఉండ కుదిరిన క్షణంలో దించెయ్యి, పొయ్యి మీదుంటే మూడు గరిటెలు తిప్పేలోపు ముదురుతుంది. ఒకరు పిండి పొయ్యాలి, ఒకరు కలపాలి, ఒంటి చేతి పని కాదు. రెండు గుప్పిళ్ల పిండి అట్టే పెట్టుకో. చలిమిడి వేడిగా ఉన్నప్పుడు కొంచెం జారుగానే ఆపు, చల్లారితే అదే గట్టిపడుతుంది.

ముందు ఒక్క అరిసె వేసి చూడు. నూనెలో విచ్చిపోతే పాకం లేతగా ఉంది, అట్టేపెట్టిన పిండి కలుపు. చెక్కలా వస్తే పాకం ముదిరింది, దానికి మందు లేదు, టీలో ముంచుకు తినడమే. మంట మధ్యస్థంగా ఉండాలి. తీసిన వెంటనే రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండు. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పేర్చావా, చెమ్మ పట్టి బూజొస్తుంది.

జంతికలు తేలిక. నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు శనగపిండి, వాము, కొంచెం వెన్న. వెన్న ఎక్కువైతే నూనెలోనే పొడైపోతాయి.

భోగిపళ్లకి రేగుపళ్లు 12నే కొను, ముందు తెస్తే మెత్తబడతాయి. చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, పూరేకులు, చిల్లర నాణేలు కలిపి సందె చీకటి పడకముందే పోసెయ్యాలి. పోశాక నాణేలు మాత్రం లెక్కపెట్టి ఏరు. పాకే పిల్లలు నోట్లో పెట్టేసుకుంటారు.

కనుమ గారెలకి మినపప్పు నాలుగు గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే గానీ పొయ్యకూడదు, పోస్తే నూనె తాగుతాయి.

టికెట్లు దొరికిన రోజు రెండు ముక్కలు రాయి. నీ బెర్తు నంబర్లు కాదు, బండి వచ్చే టైము రాయి, స్టేషనుకి ఆటో మాట్లాడి ఉంచుతాను.

నీ
రాజు