ట్రిక్కు రహస్యం ఒక్కటీ వేసి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం పిల్లల పేజీలో మీరు 21 ముక్కల పేక ట్రిక్కు వేశారు. మ్యాజిక్‌కి పేపర్లో చోటు దొరకడమే అరుదు కాబట్టి ముందు థాంక్స్. కానీ వేసిన తీరు గురించి కాస్త గట్టిగానే చెప్పాలనిపించి రాస్తున్నాను. ఏడేసి ముక్కలు మూడు వరసలు పేర్చాలి, తలుచుకున్న ముక్క ఉన్న వరసని మిగతా రెండిటి మధ్యలో పెట్టాలి, అలా మూడుసార్లు చేస్తే ఆ ముక్క పదకొండోది అవుతుంది. అందులో ఉన్నది ఇంతే. లెక్క సరిగ్గానే ఉంది. నలుగురి ముందు దాన్ని ఎలా చూపించాలి, దానికి ముందు ఏం చెయ్యాలి, అయ్యాక ఏం చెయ్యాలి అన్నదాని మీద ఒక్క మాట లేదు.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి వేసవి సెలవుల్లో నేను పేక మ్యాజిక్ నేర్పుతుంటాను. వీడియోలు చూసి ఒక్కొక్కరు బోలెడు ట్రిక్కులు పట్టుకొస్తారు, రహస్యాలన్నీ నోటికొచ్చు. తీరా ఏ పుట్టినరోజు ఫంక్షన్‌లోనో నిలబెట్టి నాలుగు నిమిషాలు ఏదైనా చేసి చూపించమంటే, ఒక ట్రిక్కు అవగానే ఆగిపోయి, ముక్కలు తిప్పి వెతుక్కుంటూ, మళ్లీ పేర్చుకుంటూ, ‘ఒక్క నిమిషం అంకుల్’ అంటూ టెన్షన్ పడిపోతారు. ఆ ఒక్క నిమిషంలోనే చూసేవాళ్లు కేకు వైపు తిరిగిపోతారు. వీళ్లకి తెలివి లేక కాదు. ఒక ట్రిక్కులోంచి ఇంకో ట్రిక్కులోకి ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

నేను నేర్పే వరస ఒకటి చెప్తాను. ఇందులో ఉన్న రెండు ట్రిక్కులూ మొదట నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్నవే, ఎవరి రహస్యమూ కొత్తగా బయటపెట్టడం లేదు.

నాలుగు ఆసులు ముందే కట్ట పైన పెట్టుకోవాలి. ఎదుటివాళ్ల చేత కట్టని నాలుగు కుప్పలుగా కోయించాలి, పై ముక్కలు ఏ కుప్పకి వెళ్లాయో మాత్రం మనసులో గుర్తుంచుకోవాలి. తర్వాత ఒక్కో కుప్ప వాళ్ల చేతే తీయించి, పై నుంచి మూడు ముక్కలు అడుక్కి పంపి, ఆ తర్వాతి మూడూ మిగతా కుప్పల మీద ఒక్కొక్కటి వెయ్యమనాలి. ఆసులున్న కుప్ప చివర్న రావాలి, అదొక్కటే షరతు. అప్పటికి ఆ ఆసుల మీద వేరే ముక్కలు మూడు చేరి ఉంటాయి, ఆ మూడే అడుక్కి పోతాయి, మూడు ఆసులు తలో కుప్ప మీదకీ వెళ్లి ఒకటి అక్కడే మిగులుతుంది. మనం పేకని ముట్టుకోనే లేదు, నాలుగు కుప్పల మీదా నాలుగు ఆసులు! ఈ ట్రిక్కు మొదట్లోనే ఎందుకు పెట్టాలంటే, ముందుగా పేర్చుకోవాల్సింది ఏదైనా మధ్యలో పెడితే అందరి కళ్ల ముందూ పేర్చుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆసులు తిప్పగానే అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి, ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు, ఎవరో నవ్వుతారు. సరిగ్గా అప్పుడే ఆసులు పక్కన ఉంచేసి మిగతా ముక్కలు పోగు చేస్తూ, కట్ట సర్దుతున్నట్టే సర్ది అడుగు ముక్క చూసేసుకోవాలి. కళావర్ ఏడు అనుకోండి. మొదటి ట్రిక్కుకి వచ్చిన చప్పట్లే రెండో ట్రిక్కు పని చేసి పెడతాయి, దానికోసం విడిగా ఆగక్కర్లేదు. పిల్లలకి నేర్పడానికి నాకు ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే, ఎందుకంటే తమకి చప్పట్లు వస్తుంటే వాళ్లు పేక సంగతి మర్చిపోయి జనాన్ని చూస్తూ ఉండిపోతారు.

తర్వాత ఒకరిని ముక్క తీసుకుని చూసుకోమని, పైన పెట్టించి, కట్ట కోయించి, అడుగు సగాన్ని తీసి పై సగం మీద పెట్టమంటే కళావర్ ఏడు నేరుగా ఆ ముక్క పైకి వచ్చి కూర్చుంటుంది. ఇంకో రెండుసార్లు కోసినా వరస చెడదు. ‘నేను పట్టుకోగలనేమో చూస్తా’ అని ముక్కల ముఖాలు నా వైపు తిప్పి చూస్తాను. వాళ్ల ముక్క ఒకటి, కళావర్ ఏడు రెండు అని లెక్కపెట్టి, ఐదో ముక్క పైకి వచ్చేలా కోసి, ‘అబ్బే, నాకు దొరకలేదు, మన ఊరినే అడుగుదాం’ అని పేక వాళ్ల చేతిలో పెట్టేస్తాను. వి, శా, ఖ, ప, ట్నం. అక్షరానికో ముక్క వాళ్లే వేస్తారు, ఐదోది వాళ్ల ముక్క. ఇంగ్లిష్ వీడియోల్లో ఇది స్పెల్లింగ్‌తో చేస్తారు, మన పిల్లలు అదే అప్పజెప్పబోయి తడబడతారు. మన అక్షరాల్లో అయితే బామ్మగారు కూడా పేక చేతిలోకి తీసుకుని హాయిగా వేస్తారు. అనకాపల్లి అన్నా ఐదే, గాజువాక అయితే నాలుగు, భీమిలి మూడు. ఎవరిది ఏ ఊరైతే ఆ ఊరి పేరుకి తగ్గట్టు కోసుకోవచ్చు.

ఈ రెండూ కలిపితే ఎక్కువలో ఎక్కువ ఐదు నిమిషాలు, మొదటిసారి చేసేవాళ్లకి అది చాలు. ఇంకోసారి చెయ్యమని అడుగుతారు, చెయ్యకూడదు. ఒకే ట్రిక్కు మూడుసార్లు చూస్తే కిటుకు పట్టేస్తానని చెప్పుకునే పేరుమోసిన మెజీషియన్ హుడినీకి, 1922లో షికాగోలో డై వెర్నన్ అనే ఇంకో మెజీషియన్ మధ్యలో పెట్టిన ముక్క మళ్లీ పైకి వచ్చే ట్రిక్కు పదేపదే చూపించినా ఆయన పట్టుకోలేకపోయాడు. అంతటి చెయ్యి వచ్చేదాకా ఒక్కసారితోనే ఆపాలి.

మన ఊళ్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఏ వీడియోలోనూ చెప్పరు. సముద్రపు తేమకి కాగితం ముక్కలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒకటి అనుకుని రెండు వేసేస్తే అక్షరాల లెక్క అక్కడితో పోతుంది. పేక పని అవగానే డబ్బాలో పెట్టి మూసెయ్యాలి, వేసేటప్పుడు ప్రతి ముక్కనీ బొటనవేలితో కాస్త పక్కకి జరిపి చూసి వెయ్యమని చెప్పాలి. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని చెయ్యాలని పిల్లలకి మహా సరదా, కానీ ఆ గాలికి కుప్పలు నిలవవు.

పేక అనగానే జూదం గుర్తొచ్చి కొందరు తల్లిదండ్రులు వద్దంటారు. ఆ భయం నేను కాదనను. అలాంటివాళ్లని పక్కనే కూర్చోబెట్టి మొదటి ట్రిక్కు వాళ్ల చేతే చేయిస్తాను.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ట్రిక్కు వేసినప్పుడు దాన్ని ఎప్పుడు చెయ్యాలి, ఏం మాట్లాడుతూ చెయ్యాలి, అది అయ్యేసరికి పేక ఏ స్థితిలో ఉంటుంది, దాని వెనకాల ఏది చేస్తే కలుస్తుంది అన్నవి కూడా వెయ్యండి. చోటు చాలకపోతే రెండు వారాలకి ఒకటే వెయ్యండి. కావాలంటే పైన చెప్పిన వరస బొమ్మలతో సహా గీసి పంపిస్తాను, పారితోషికం ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం