వార్షిక నివేదిక 2025-26: ఉద్యోగ సహాయ విభాగం, పాడేరు ఏజెన్సీ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం పని చాలావరకు కాగితాల చుట్టూనే తిరిగింది. ఇంటర్, ఐటీఐ చదివిన మన పిల్లలకు కొండ దిగితే పరవాడలో, అచ్యుతాపురంలో కంపెనీలున్నాయి. సెలక్టయ్యాక కూడా ఒక కాగితంలోని పేరు ఇంకోదానితో కలవక చేరలేకపోవడం మనల్ని ఎక్కువగా బాధపెట్టింది.

'వంతల' అన్న ఇంటిపేరునే చూడండి. పదో తరగతి మెమోలో ఇంగ్లీషులో ఒక రకంగా ఉంటుంది, ఆధార్‌లో 'హెచ్' ఎగిరిపోతుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. ఆధార్ తీసిననాడు పుట్టిన ఏడాది మాత్రమే చెప్పినవాళ్లకు తేదీ జనవరి 1గా పడింది. మెమో దిద్దించాలంటే ఫైలు హెచ్‌ఎం నుంచి పరీక్షల విభాగం దాకా నడవాలి. అందుకని మెమోను అలాగే ఉంచి, దాన్ని చూపించి ఆధార్‌నే మార్పించండి. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. ఆపరేటరు టైపు చేసినదాన్ని మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాకే సరేననాలి. పేరు, తేదీ, ఫోన్ నంబరు ఒకే విడతలో ఇస్తే 75 రూపాయలతో అయిపోతుంది. తర్వాత పాన్, ఆపైన బ్యాంకు కేవైసీ. ఈ వరస తప్పితే పాత పేరే పీఎఫ్‌లోకి ఎక్కి, డబ్బు తీసుకునేనాడు మళ్లీ ఆగుతుంది.

ఫోన్ నంబరు ఇంకో గండం. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకుండా, బ్యాలెన్సు 20 రూపాయలైనా లేకుండా ఉంటే నంబరు పోతుంది, దాంతో ఓటీపీలూ పోతాయి. సిగ్నల్ లేని ఊళ్లవాళ్లు దరఖాస్తులో పాడేరులో ఉండే బంధువు నంబరును రెండోదిగా రాయాలి.

చేరాక అసలు పరీక్ష మొదటి నలభై రోజులు. ఒకటో తేదీన చేరిన మనిషికి జీతం మరుసటి నెల ఏడో తేదీకో, పదో తేదీకో చేతికొస్తుంది. ఈలోగా గది అడ్వాన్సు, మెస్సు, బస్సు ఖర్చు అన్నీ ముందే కట్టాలి. ఆ డబ్బు లేకే పిల్లలు వెనక్కొస్తున్నారు. వాళ్లకు ఓపిక లేదనడం అన్యాయం. ఇంటర్వ్యూకీ ఇదే సంగతి. విశాఖ 100 కిలోమీటర్లకు పైనే, వానాకాలం ఘాట్‌లో కొండచరియ పడితే ఆ పూట పోయినట్టే. ముందురోజే దిగాలి, అంటే రాత్రి తలదాచుకునే చోటు కావాలి.

దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉచిత శిక్షణకు 35 ఏళ్లు దాటితే పనికిరామని చాలామంది ఆగిపోతున్నారు. మహిళలకు, దివ్యాంగులకు, పోర్జ, గదబ, ఖోండు వంటి పీవీటీజీ (మరీ వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన) తెగలవారికి 45 దాకా అవకాశముంది.

ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజనులకే టీచరు పోస్టులిచ్చిన జీవో నెం.3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేశాక, డీఎడ్, బీఎడ్ చదివినవాళ్ల దారి ఇరుకైంది. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పసివాళ్లకు తమ భాష తెలిసిన టీచరు కావాలి. ఆ జీవో స్థానంలో చట్టం తేవాలన్న డిమాండును మనం వదలలేదు.

వచ్చే ఏడాదికి రెండు కోరుతున్నాం. గాజువాక, అనకాపల్లిలో ఉంటున్న సభ్యులు కొత్తగా దిగే పిల్లలకు మొదటి జీతం దాకా చోటివ్వండి. ఊళ్లలో ఉన్నవాళ్లు వేసవి సెలవుల్లోనే పదో తరగతి పాసైన పిల్లల మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి.