ఈ నెల పుస్తకం: చాటుపద్యాలు ఇంగ్లీషులో
అందరికీ నమస్కారం. ఈ నెల వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ‘ఎ పోయెమ్ ఎట్ ది రైట్ మొమెంట్’ చదువుదాం. 1998లో వచ్చింది. చాటువులంటే సరదాకి చెప్పుకునేవే అనుకునేదాన్ని. జనం నోట బతికిన ఆ పద్యాల్లోనే మన సాహిత్య విమర్శ కూడా ఉందని ఇది చదివాకే తెలిసింది.

పుస్తకం తెరిచే ముందు ఒక పని. పల్నాడులో నీళ్లకు కటకటలాడి శ్రీనాథుడు చెప్పాడనే పద్యం మనకందరికీ వచ్చు కదా: ‘తిరిపెమున కిద్దరాండ్రా? పరమేశా! గంగ విడుము పార్వతి చాలున్’. దీన్ని ఎవరికి వారు ఇంగ్లీషు చేసి ఇక్కడ పెట్టండి. నేను ‘తిరిపెము’ దగ్గరే ఆగిపోయాను. ‘బెగ్గర్’ అంటే అర్థం వస్తోంది, శివుడితో ఉన్న ఆ చనువు మాత్రం పోతోంది. ఆదివారం లోపు పంపండి, ఒక్క లైనైనా సరే.