వార్షిక నివేదిక: పూలతొట్టి కింద నుంచి లేచిన బ్యాండు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, దీపావళి మూడూ ఎప్పటిలాగే జరిగాయి, జనం బాగా వచ్చారు. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా పంపిస్తున్నారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. ఈ ఏడాది మన పెద్దల విభాగం చేసిన ఒక పని గురించే, అంటే అరవైల్లో డిస్నీలాండ్ లాంటి అమెరికా పార్కుల్లో విన్న బ్యాండ్ల జ్ఞాపకాల్ని రాసి పెట్టడం గురించే, ఈ నివేదికలో ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలిసి మన సంఘంలో ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ చేయలేదు.

ఉగాది రోజు సాయంత్రం పాటల కార్యక్రమం అయ్యాక, ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒకరు నన్ను పిలిచి, "పాడేవాళ్ళు బాగానే పాడారు గానీ వాయించేవాళ్ళు ఏరమ్మా?" అని అడిగారు. ట్రాక్ పెట్టుకుని పాడటం మనకి ఎంత అలవాటైపోయిందంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అక్కడే కూర్చోబెట్టి 1968 సంగతి చెప్పారు. వినగానే ఇది రాసి పెట్టుకోవాలి అనిపించింది, అలా మొదలైంది ఈ పని.

ఆవిడ ఆ ఏడాది వేసవిలో పెళ్ళై నెల్లూరు నుంచి కాలిఫోర్నియా వచ్చారు. 1965లో ఇమిగ్రేషన్ చట్టం మారాక మనవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలైన రోజులవి. వచ్చిన రెండో వారంలో వాళ్ళాయన ఆనహైమ్‌లోని డిస్నీలాండ్‌కి తీసుకెళ్ళారట. చీర కట్టుకుని, చేతిలో కోకోకోలా కప్పు పట్టుకుని, పార్కులో టుమారోలాండ్ అనే భాగంలో ఉన్న టుమారోలాండ్ టెర్రస్ అనే తినుబండారాల చోట కూర్చున్నారు. చుట్టూ బల్లలు, ముందర పెద్ద పూలమొక్కల తొట్టి, స్టేజీ అనేది ఎక్కడా లేదు. ఉన్నట్టుండి నేల కింద నుంచి గిటార్లు, డ్రమ్ములు వినపడటం మొదలైంది. కప్పులో కోక్ వణకడం ముందు చూశారట ఆవిడ. తర్వాత ఆ మొక్కల తొట్టే మెల్లగా పైకి లేచింది, దాని కింద ముందు కుర్రాళ్ళ తలలు, తర్వాత గిటార్లు, చివరికి తళతళలాడే బూట్లు. మొక్కలు వాళ్ళకి పైకప్పు అయిపోయాయి. "నాకు తెలిసిన బ్యాండు పెళ్ళి ఊరేగింపులో బ్యాండొక్కటే. వీళ్ళు భూమిలోంచి వచ్చారు, పాట ఆపకుండా వచ్చారు" అన్నారు. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ రెండు అరచేతులూ కింద నుంచి పైకి లేపుతారు.

ఆ స్టేజీ 1967 జులైలో కొత్త టుమారోలాండ్‌తో పాటే మొదలైంది, కోకోకోలా కంపెనీ స్పాన్సర్. అక్కడ వాయించిన కుర్రాళ్ళు పెద్ద పేరున్న స్టార్లు కారు. ఆ వారం రేడియోలో మోగుతున్న హిట్ పాటల్నే వాయించే బ్యాండ్లు. వాటికి వేరే టికెట్ లేదు. రైడ్లకి ఎ నుంచి ఇ దాకా కూపన్లు చింపాలి గానీ బ్యాండు ముందు నిలబడటానికి ఏ కూపనూ అక్కర్లేదు. మా పెద్దవాళ్ళలో ముగ్గురు, ఒకరితో ఒకరు సంబంధం లేకుండా, ఇదే మాట చెప్పారు: జేబులో డబ్బులు అయిపోయాక కూడా సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్ళమని.

పాప్ బ్యాండ్లు ఊరికే రాలేదు, పార్కుకి ముందు నుంచీ డాన్సు అలవాటు ఉంది. డిస్నీలాండ్ మధ్యలో ఉన్న కోట పక్కన ఎర్ర తెల్ల చారల పందిరితో కార్నేషన్ ప్లాజా గార్డెన్స్ 1956 ఆగస్టులో తెరిచారు, 1957 నుంచి 'డేట్ నైట్' పేరుతో ఎలియట్ బ్రదర్స్ ఆర్కెస్ట్రా అక్కడ వాయించేది. 1961 జూన్‌లో హైస్కూలు చదువు పూర్తిచేసిన పిల్లలకి గ్రాడ్ నైట్ అనే రాత్రి వేడుక పెట్టారు, అబ్బాయిలు సూట్లు, అమ్మాయిలు మంచి గౌన్లు వేసుకుని తెల్లవార్లూ పార్కులోనే. బయట అరవైలు ఒక రకంగా నడుస్తుంటే లోపల ఇంకో రకం. పొడుగు జుట్టు అబ్బాయిల్ని గేటు దగ్గరే వెనక్కి పంపేసేవాళ్ళు. నేను అప్పుడు అక్కడ ఉండి ఉన్నా ఆ పద్ధతి నాకు నచ్చేది కాదు.

అప్పట్లో ఈ చుట్టుపక్కల అన్నేసి బ్యాండ్లు ఎక్కడి నుంచి వచ్చాయి అని మా అబ్బాయి అడిగాడు, మంచి ప్రశ్న. ఫెండర్ గిటార్లు తయారైంది ఆనహైమ్ పక్కనే ఉన్న ఫుల్లర్టన్‌లో. 1961లో గిటారిస్టు డిక్ డేల్ దగ్గర్లోని బాల్బోవా తీరంలో రాందేవూ బాల్‌రూమ్ అనే డాన్సు హాలులో సర్ఫ్ సంగీతం (సముద్రపు అలల మీద ఆడే కుర్రాళ్ళ గిటార్ సంగీతం) వాయిస్తుంటే జిల్లాలో కుర్రాళ్ళంతా గిటార్ పట్టారు. పార్కులో చిన్న చిన్న మూలల్లో కూడా సంగీతమే. పార్కులోని మెయిన్ స్ట్రీట్‌లో 1959 నుంచి డాపర్ డాన్స్ అనే గాయకుల బృందం నలుగురూ నడుస్తూ పాడేవాళ్ళు, అరవైల మొదట్లో వాళ్ళతో కలిసి పాడిన ఆస్మండ్ అన్నదమ్ములు ఆ తర్వాత ఆండీ విలియమ్స్ టీవీ షోకి వెళ్ళారు. 1967లో అదే వీధిలోని కోక్ కార్నర్ అనే తినుబండారాల చోట పియానో దగ్గర ఉన్నవాళ్ళు రిచర్డ్ కార్పెంటర్, ఆయన స్నేహితుడు జాన్ బెటిస్. పాతకాలం పాటలే వాయించమంటే జనం అడిగిన కొత్త పాటలు కూడా వాయించారని ఉద్యోగం పోయింది. మూడేళ్ళు తిరగకుండానే చెల్లెలు కరెన్‌తో కలిసి 'కార్పెంటర్స్' పేరుతో రిచర్డ్ చేసిన పాటలు దేశమంతా వినిపించాయి.

న్యూజెర్సీలో ఉండే మన పాత సభ్యులొకరు ఫోన్‌లో అక్కడి పాలిసేడ్స్ అనే వినోదాల పార్కు గురించి చెప్పారు. మన్‌హాటన్‌కి ఎదురుగా, హడ్సన్ అవతలి ఒడ్డున ఉండేది. రేడియో వ్యాఖ్యాత బ్రూస్ మారో అక్కడ పాటల షోలు నడిపించేవాడు. 1971లో మూసేశారు, ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు.

జూన్‌లో పెద్దల్ని డిస్నీలాండ్‌కి తీసుకెళ్ళాం. పాత డాన్సు పందిరి లేదు, 2012 ఏప్రిల్‌లో చివరిసారి డాన్సు చేసుకుని మూసేశారు, ఇప్పుడు అక్కడ రాకుమార్తెల కథలు ఆడే రాయల్ థియేటర్. టుమారోలాండ్‌లో నిలబడి పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 2006 తర్వాత స్టార్ వార్స్ సినిమాల్లోని జెడై వీరుల్లా పిల్లలు ఆడే ప్రదర్శనకి అదే స్టేజీని పైకి లేపేవాళ్ళు, తన మనవడు దాని మీద ఎక్కాడు కూడా అని చెప్పారు. "వాడు ఎక్కినప్పుడు ఆ చప్పుడు గుర్తుపట్టాను" అన్నారు.

అందుకే దీపావళికి ట్రాక్ వద్దనుకున్నాం. మన పిల్లలే ఐదుగురు, రెండు గిటార్లు, కీబోర్డు, డ్రమ్స్, ఒక అమ్మాయి మృదంగం. హాలు వాళ్ళ సౌండ్ మనిషి గంట ఆలస్యంగా వచ్చాడు, మైకులు రెండు పనిచేయలేదు, టెన్షన్ చాలా పడ్డాం, అయినా రెండో పాటకల్లా కుర్చీలు ఖాళీ అయిపోయాయి, అందరూ స్టేజీ ముందుకి వచ్చేశారు. పెద్దావిడ స్పీకర్ పక్కనే కుర్చీ వేయించుకున్నారు. చప్పుడు ఎక్కువవుతుందండీ అంటే కదల్లేదు.

వచ్చే ఏడాదికి కమిటీ దీన్ని కొనసాగించాలని తీర్మానించింది. ఎవరి గ్యారేజీలోనైనా వాడని డ్రమ్ సెట్ ఉంటే చెప్పండి, ఇప్పుడున్నది అరువుది, సంక్రాంతికి తిరిగి ఇచ్చేయాలి. అరవైల్లో, డెబ్బైల్లో పార్కుల్లో తీసుకున్న ఫోటోలుంటే స్కాన్ చేసి ఇస్తాం, అసలు మీదే. మొదటి రిహార్సల్ సంక్రాంతి తర్వాత వచ్చే శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో, పక్కింటివాళ్ళకి ముందే చెప్పాను.

మీ కార్యదర్శి